రాయని వాక్యం: జెరహ్ వర్హాఫ్తిగ్ జీవితంలో న్యాయపాఠం, మతం, రాజ్యం

వ్యాససంగ్రహం:
ఇజ్రాయెల్ మతవ్యవహారాల మంత్రిగా 1961 నుంచి 1974 వరకు పనిచేసిన జెరహ్ వర్హాఫ్తిగ్ జీవితాన్ని చరిత్రకారులు సాధారణంగా రెండు వేరువేరు కథలుగా చెబుతారు. 1940లో లిథువేనియా నుంచి శరణార్థులను తప్పించిన న్యాయవాది కథ మొదటిది. సంకీర్ణ ప్రభుత్వాలలో మతపక్షం తరఫున కూర్చున్న మంత్రి కథ రెండవది. ఈ రెండింటిలోనూ ఒకే న్యాయపద్ధతి పనిచేసిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పత్రంలో ఏముందన్న దానితో సమానంగా ఏం లేదన్న దాన్ని కూడా చదవడం ఆ పద్ధతి. అది ఒకచోట ప్రాణాలు కాపాడింది. మరొకచోట, భారతదేశం నుంచి వెళ్లిన బెనె ఇజ్రాయెల్ సమాజం విషయంలో, ఒక సందేహాన్ని తీర్చకుండానే కప్పిపెట్టింది.

కీలకపదాలు: వర్హాఫ్తిగ్, మిజ్రాహీ ఉద్యమం, హలాఖా, యథాతథస్థితి, వ్యక్తిగత చట్టాలు, బెనె ఇజ్రాయెల్, పవిత్రస్థలాల చట్టం.

1. ప్రస్తావన

ఇజ్రాయెల్ స్వాతంత్ర్య ప్రకటనపత్రం మీద సంతకం చేసినవారు 37 మంది. వారిలో అందరికంటే చివరగా మిగిలినవారు ఇద్దరు. ఒకరు కమ్యూనిస్టు నాయకుడు మేయిర్ విల్నర్, 2003లో మరణించాడు. మరొకరు ధార్మిక యూదుడైన న్యాయవాది జెరహ్ వర్హాఫ్తిగ్, అంతకు కొన్ని నెలల ముందు 2002 సెప్టెంబరులో, తన 96వ ఏట కన్నుమూశాడు. ఒకే పత్రం కింద పక్కపక్కన నిలిచిన ఈ రెండు పేర్లకు రాజ్యం గురించి ఉన్న ఊహలలో పోలిక లేదు. ఇద్దరూ సంతకం చేయగలిగేలా ఆ పత్రాన్ని రాయడానికి దాని రచయితలు దైవం ప్రస్తావన దగ్గర ఎంత తర్జనభర్జన పడ్డారో తెలిసిందే. చివరికి ‘ఇజ్రాయెల్ శిల’ అనే ప్రాచీన పదబంధాన్ని ఎంచుకున్నారు. ఆస్తికుడు దానిని దైవంగా చదువుకోవచ్చు, నాస్తికుడు జాతి సంకల్పంగా చదువుకోవచ్చు. వర్హాఫ్తిగ్ రాజకీయ జీవితమంతా అటువంటి పదబంధాల మధ్యనే గడిచింది.

తెలుగులో ఇజ్రాయెల్ గురించి వచ్చే రచనలు ఎక్కువగా యుద్ధాల చుట్టూ, లేదా బైబిల్ భూగోళం చుట్టూ తిరుగుతాయి. ఆ రాజ్యంలో మతానికీ చట్టానికీ మధ్య కుదిరిన ఒప్పందాల చరిత్ర మనకు దగ్గరి విషయమైనా అంతగా చర్చకు రాలేదు. దగ్గరిది అనడానికి కారణం ఉంది. మతాన్నిబట్టి వివాహ, విడాకుల చట్టం మారే ఏర్పాటును బ్రిటిష్ పాలన మనకూ వారికీ మిగిల్చి వెళ్లింది. ఇక్కడ అది 1772 నాటి వారెన్ హేస్టింగ్స్ ప్రణాళికతో మొదలైంది. అక్కడ ఒట్టోమన్ కాలపు మిల్లెత్ పద్ధతిని 1922 నాటి పాలస్తీనా రాజాజ్ఞ స్థిరపరచింది. స్వాతంత్ర్యానంతరం రెండు దేశాలూ ఆ వారసత్వాన్ని ఏం చేసుకున్నాయన్నది తులనాత్మక అధ్యయనానికి తగిన ప్రశ్న. ఈ వ్యాసం ఆ విశాల ప్రశ్నను ఒక వ్యక్తి జీవితం ద్వారా చూస్తుంది.

2. వోల్కోవిస్క్ నుంచి వార్సాకు

వర్హాఫ్తిగ్ 1906లో, నాటి రష్యా సామ్రాజ్యంలోని వోల్కోవిస్క్ పట్టణంలో పుట్టాడు. ఆ ఊరు రెండు ప్రపంచయుద్ధాల మధ్య పోలండ్‌లో ఉండేది, ఇప్పుడు బెలారుస్‌లో ఉంది. వార్సా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, యుద్ధం వచ్చేవరకు ఆ నగరంలోనే న్యాయవాదిగా ఉన్నాడు. రాజకీయంగా మిజ్రాహీ ఉద్యమానికి చెందినవాడు.

ఈ ఉద్యమం గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఆ కాలపు యూదు సమాజంలో జియోనిజాన్ని నడిపినవారిలో అధికులు లౌకికవాదులు. సంప్రదాయ రబ్బీలలో చాలామంది దానిని వ్యతిరేకించారు. మెస్సయ్యా రాకముందే మనుషులు పూనుకొని పుణ్యభూమికి తిరిగి వెళ్లడం దైవసంకల్పంలో జోక్యం చేసుకోవడమని వారి అభ్యంతరం. 1902లో విల్నాలో రబ్బీ యిత్సాక్ యాకోవ్ రైనెస్ స్థాపించిన మిజ్రాహీ ఈ ఇద్దరికీ నడుమ నిలిచింది. ఆచారం వదలకుండానే లౌకికులతో కలిసి పనిచేయవచ్చని దాని వాదం. దాని కార్మిక శాఖ హపోయెల్ హమిజ్రాహీ ‘తోరా, శ్రమ’ అనే జంటమాటను తన నినాదంగా పెట్టుకుంది. 1956లో ఈ రెండు శాఖలూ కలిసి జాతీయ మతపక్షంగా ఏర్పడ్డాయి. మధ్యలో నిలబడినవారికి రెండు వైపుల నుంచీ నిందలు తప్పవు. మిజ్రాహీ వారిని ఒకవైపువారు ఛాందసులన్నారు, రెండవవైపువారు రాజీపడినవారన్నారు. వర్హాఫ్తిగ్‌కు ఈ రెండు బిరుదులూ జీవితాంతం దక్కుతూనే వచ్చాయి.

3. కౌనస్, 1940: కాగితం మీద లేని షరతు

1939 సెప్టెంబరులో జర్మనీ పోలండ్ మీద దాడి చేసినప్పుడు వేలాది యూదులు తూర్పుకు పారిపోయారు. అక్టోబరులో సోవియట్ యూనియన్ విల్నా నగరాన్ని లిథువేనియాకు అప్పగించడంతో, ఇంకా తటస్థంగా ఉన్న ఆ చిన్న దేశం కొన్ని నెలలపాటు ఆశ్రయమైంది. పోలండ్‌లోని ప్రసిద్ధ యెషివాలు, అంటే తాల్ముద్ విద్యాపీఠాలు, గురుశిష్యులతో సహా అక్కడికి చేరాయి. వర్హాఫ్తిగ్ కూడా అక్కడికే చేరి, పోలండ్ శరణార్థులను పాలస్తీనాకు పంపించే సంఘానికి నాయకత్వం వహించాడు.

1940 జూన్‌లో సోవియట్ సేనలు లిథువేనియాను ఆక్రమించాయి. కాన్సులేట్లు మూతపడే రోజులు దగ్గరపడ్డాయి. పాలస్తీనా ప్రవేశానికి బ్రిటిష్ ధ్రువపత్రాలు బహు కొద్ది. పడమర జర్మనీ, మిగిలిన దిక్కులలో సోవియట్ భూమి. ఈ స్థితిలో ఒక విచిత్రమైన దారి తెరుచుకుంది.

కరీబియన్ సముద్రంలోని కురసావ్ డచ్చి వలస ద్వీపం. అక్కడికి వెళ్లడానికి వీసా అవసరం లేదు, కానీ గవర్నరు అనుమతి లేనిదే ఓడ దిగనివ్వరు. ఆ అనుమతి దాదాపు ఎవరికీ దొరికేది కాదు. రీగాలోని డచ్చి రాయబారి డి డెక్కర్‌ను ఒక శరణార్థి మహిళ కోరినప్పుడు, ఆయన మొదటి వాక్యాన్ని మాత్రం రాసి రెండవదాన్ని వదిలేశాడు. కురసావ్‌కు వీసా అవసరం లేదు, అంతే. కౌనస్‌లో డచ్చి కాన్సుల్ బాధ్యతలు చూస్తున్న యాన్ జ్వార్టెన్‌డైక్ వృత్తిరీత్యా దౌత్యవేత్త కాదు, ఫిలిప్స్ కంపెనీ ప్రతినిధి. ఆయన అదే అరవాక్యాన్ని ఇతరుల పత్రాల మీద కూడా రాయడానికి ఒప్పుకున్నాడు. తెల్షే యెషివాలో చదువుతున్న నాథన్ గుట్‌విర్త్ అనే డచ్చి విద్యార్థి ద్వారా ఈ సంగతి వర్హాఫ్తిగ్‌కు తెలిసింది. ఒకరిద్దరికి దొరికిన ఈ మినహాయింపును అందరికీ వర్తింపజేయవచ్చని గ్రహించడంలో ఆయన న్యాయవాద బుద్ధి కనిపిస్తుంది.

గమ్యం కాగితం మీద ఏర్పడింది. గమ్యం ఉన్నవాడికి దారిలోని దేశం ట్రాన్సిట్ వీసా ఇవ్వవచ్చు. జపాన్ వైస్ కాన్సుల్ చియునే సుగిహారాను కలిసిన శరణార్థుల ప్రతినిధివర్గంలో వర్హాఫ్తిగ్ ఒకడు. జూలై, ఆగస్టు నెలలలో సుగిహారా చేతితో రాసి ఇచ్చిన వీసాల జాబితాలో 2,100కు పైగా పేర్లున్నాయి. ఒక వీసా మీద కుటుంబమంతా ప్రయాణించిన సందర్భాలు కూడా ఉన్నాయి. జపాన్ వీసా చూపితే సోవియట్ అధికారులు నిష్క్రమణ అనుమతి ఇచ్చారు. సైబీరియా రైలు మార్గంలో వ్లాదివొస్తోక్, అక్కడి నుంచి ఓడలో జపాన్ తీరంలోని త్సురుగా, ఆ తరువాత కోబే. కురసావ్‌కు మాత్రం వీరెవరూ వెళ్లలేదు.

ఇక్కడ చరిత్రకారులు తరచుగా దాటవేసే ఒక అంశం ఉంది. వీసాలు దొరకడం ఒక ఎత్తు, వాటిని వాడమని ఒప్పించడం మరొక ఎత్తు. సోవియట్ కార్యాలయంలో నిష్క్రమణకు దరఖాస్తు పెట్టుకోవడమంటే ‘ఈ దేశంలో ఉండడం నాకు ఇష్టం లేదు’ అని రాసి ఇవ్వడమే. అందుకు శిక్ష సైబీరియా కావచ్చు. యెషివాల పెద్దలలో చాలామంది కదలకుండా ఉండడమే క్షేమమనుకున్నారు. వారి భయం అకారణం కాదు, ఎందుకంటే అప్పటికి జర్మనీ దాడి జరగలేదు, సోవియట్ పోలీసు మాత్రం వీధిలో ఉన్నాడు. వర్హాఫ్తిగ్ వారిని వదలకుండా వెంటపడ్డాడు. మీర్ యెషివా దాదాపు మొత్తంగా బయలుదేరింది, తరువాత షాంఘైలో యుద్ధం ముగిసేదాకా నిలిచింది. అనేక ఇతర విద్యాపీఠాలు అక్కడే ఉండిపోయాయి. 1941 జూన్ 22 తరువాత లిథువేనియా యూదులలో నూటికి తొంభై మందికి పైగా హతమయ్యారు.

ఆయన జపాన్ నుంచి 1941లో ఉత్తర అమెరికా చేరి, న్యూయార్క్‌లో ప్రపంచ యూదు మహాసభకు చెందిన పరిశోధన సంస్థలో పనిచేశాడు. యుద్ధానంతర శిబిరాలలోని నిర్వాసితుల గురించి 1946లో ఒక గ్రంథం ప్రచురించి, 1947లో పాలస్తీనా చేరాడు.

4. రాజ్యాంగం లేకుండా రాజ్యం

స్వాతంత్ర్య ప్రకటనపత్రం 1948 అక్టోబరు 1 నాటికి రాజ్యాంగం సిద్ధం కావాలని గడువు పెట్టింది. యుద్ధం వల్ల ఆ గడువు దాటిపోయింది. 1949 జనవరిలో ఎన్నికైన రాజ్యాంగసభ తన పేరును మొదటి క్నెసెట్‌గా మార్చుకొని శాసనసభగా కూర్చుంది. 120 స్థానాలలో సంయుక్త మతకూటమికి 16 వచ్చాయి. ఆ 16 మందిలో వర్హాఫ్తిగ్ ఒకడు. అప్పటి నుంచి 1981 వరకు ఆయన క్నెసెట్‌లోనే ఉన్నాడు.

రాజ్యాంగం కావాలా, అక్కరలేదా అన్న చర్చ 1950 జూన్ వరకు సాగింది. మతపక్షాలు రాజ్యాంగాన్ని వ్యతిరేకించిన మాట నిజం. యూదుజాతికి తోరా ఉండగా మరొక మూలశాసనం ఎందుకన్నది వారిలో కొందరి వాదం. వర్హాఫ్తిగ్ వాదం దానికంటే లౌకికమైనది, అందువల్లనే ఎదుర్కోవడం కష్టమైనది. ప్రపంచ యూదులలో పదోవంతు మాత్రమే ఇప్పుడు ఇక్కడ ఉన్నారు, రాబోయేవారి కోసం ఈ రాజ్యం ఏర్పడింది, ఈ కొద్దిమంది కూర్చొని రాబోయే లక్షలమందిని కట్టిపడేసే శాసనం రాయడానికి అధికారం ఎక్కడిది అని ఆయన అడిగాడు. ప్రధానమంత్రి బెన్ గురియన్ కూడా తన కారణాలతో తాను రాజ్యాంగం పట్ల విముఖుడే. చివరికి 1950 జూన్ 13న ఆమోదించిన హరారీ తీర్మానం ప్రకారం రాజ్యాంగాన్ని ఒక్కసారిగా కాక, మూలశాసనాలుగా విడివిడి అధ్యాయాలలో రాయాలని నిర్ణయించారు. ఆ అధ్యాయాలు నేటికీ పూర్తికాలేదు.

అప్పటికి కొన్ని నెలల ముందే, 1949 నవంబరు 26న, భారత రాజ్యాంగసభ తన పని ముగించింది. మనవారు రాసిన 44వ అధికరణం ఉమ్మడి పౌరస్మృతిని ఆదేశికసూత్రంగా పెట్టి, న్యాయస్థానంలో అమలు కోరడానికి వీల్లేకుండా చేసింది. రాయకుండా వదలడం ఒక పద్ధతి, రాసి అమలును వాయిదా వేయడం మరొక పద్ధతి. రెండింటిలోనూ వాయిదా ఉంది. కానీ తేడా చిన్నది కాదు. రాసిన వాక్యం పౌరుడి చేతిలో వాదనకు ఆధారమవుతుంది, రాయని వాక్యానికి ఆ శక్తి లేదు. వర్హాఫ్తిగ్ వాదంలో నాకు లోపంగా తోచేది ఇదే. రాబోయేవారి హక్కు పేరుతో ఆయన ఇప్పుడున్నవారికి వాదనాధారం లేకుండా చేశాడు. పైగా, రాబోయేవారు వచ్చేసరికి ఖాళీగా ఉండాల్సిన ఆ చోటు ఖాళీగా లేదు.

దానిని నింపినది 1953 చట్టం. మతవ్యవహారాల ఉపమంత్రిగా వర్హాఫ్తిగ్ స్వయంగా క్నెసెట్‌లో ప్రవేశపెట్టిన రబ్బీ న్యాయస్థానాల అధికారపరిధి చట్టం ప్రకారం, ఇజ్రాయెల్‌లోని యూదుల వివాహ, విడాకులు తోరా ధర్మాన్ని అనుసరించి మాత్రమే జరగాలి, వాటిపై రబ్బీ న్యాయస్థానాలకే పూర్తి అధికారం. 1947 జూన్‌లో యూదు ఏజెన్సీ అగుదత్ ఇజ్రాయెల్ నాయకులకు రాసిన లేఖలో శనివార విశ్రాంతి, ఆహార నియమం, వివాహం, విద్య అనే నాలుగు విషయాలలో ఇచ్చిన హామీ ‘యథాతథస్థితి’గా పేరుపడింది. ఆ లేఖలో వివాహం గురించి ఉన్నది అస్పష్టమైన భరోసా. చట్టం దానిని స్పష్టమైన ఆజ్ఞగా మార్చింది. సరిగ్గా ఆ మరుసటి సంవత్సరం, 1954లో, భారత పార్లమెంటు ప్రత్యేక వివాహ చట్టం చేసి మతంతో నిమిత్తం లేని వివాహానికి దారి తెరిచింది. ఇజ్రాయెల్‌లో అటువంటి దారి నేటికీ లేదు. అక్కర ఉన్నవారు సైప్రస్ వెళ్లి పెళ్లి చేసుకొని వస్తారు. విదేశంలో జరిగిన వివాహాన్ని నమోదు చేయవలసిందేనని 1963లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

5. ఎవరు యూదులు? బెనె ఇజ్రాయెల్ సందర్భం

1961 ఎన్నికలలో జాతీయ మతపక్షానికి 12 స్థానాలు వచ్చాయి. ఆ నవంబరులో వర్హాఫ్తిగ్ మతవ్యవహారాల మంత్రి అయ్యాడు. బెన్ గురియన్, లెవీ ఎష్కోల్, గోల్డా మేయిర్ అనే ముగ్గురు ప్రధానమంత్రుల కింద 1974 వరకు ఆ పదవిలో కొనసాగాడు. ఆయన పదవిలోకి వచ్చిన కొద్ది నెలలకే భారతదేశానికి నేరుగా సంబంధించిన వివాదం ముదిరింది.

బెనె ఇజ్రాయెల్‌లు కొంకణ తీరపు యూదులు. తమ పూర్వీకులు నవ్‌గావ్ దగ్గర ఓడ పగిలి ఒడ్డుకు చేరారని వారి సంప్రదాయం చెబుతుంది. నూనె గానుగలు ఆడిస్తూ శనివారం పని మానేవారు కనుక చుట్టుపక్కలవారు వారిని ‘శనివార్ తేలీ’ అన్నారు. మరాఠీ మాట్లాడుతూ, శతాబ్దాలపాటు ఇతర యూదు సమాజాలకు దూరంగా ఉన్నారు. 1948 తరువాత వారిలో వేలమంది ఇజ్రాయెల్ వెళ్లారు. ఆశించినది దొరకక, 1950ల ఆరంభంలోనే కొందరు తిరిగి భారతదేశం పంపమని సత్యాగ్రహం చేశారు.

అక్కడి రబ్బీలకు వీరి యూదత్వం మీద కాదు సందేహం, పెళ్లిసంబంధం మీద. దూరంగా ఉన్న ఆ శతాబ్దాలలో వీరి విడాకులు హలాఖా ప్రకారం పత్రంతో జరిగాయా? జరగకపోతే, ఆ స్త్రీ పునర్వివాహం చెల్లదు, ఆ సంతానానికి ఇతర యూదులతో పెళ్లి నిషిద్ధం. 1961 అక్టోబరులో ప్రధాన రబ్బీల మండలి వీరితో వివాహానికి అభ్యంతరం లేదని ప్రకటించింది. కానీ 1962 ఫిబ్రవరిలో జారీ అయిన మార్గదర్శకాలు, పెళ్లికి వచ్చిన బెనె ఇజ్రాయెల్ వ్యక్తి తల్లి, అమ్మమ్మ, ఆ పైతరాలు వీలైనంత వెనక్కి విచారించాలని ఆదేశించాయి. ఒక చేత్తో ఇచ్చినది మరొక చేత్తో తీసుకున్నట్టయింది. కులగోత్రాలు విచారించే పెళ్లి వ్యవహారాలు మన పాఠకులకు కొత్త కావు. ఇక్కడి విశేషమేమంటే ఆ విచారణకు రాజ్యం అధికారముద్ర ఉంది, 1953 చట్టం వల్ల దాన్ని తప్పించుకొని పెళ్లి చేసుకునే వేరొక దారి దేశంలో లేదు.

1964 వేసవిలో బెనె ఇజ్రాయెల్‌లు జెరూసలేంలో సమ్మెకు కూర్చున్నారు. ఆగస్టు 17న క్నెసెట్ ప్రత్యేకంగా సమావేశమై, వారు అన్నివిధాలా యూదులేనని, మిగిలినవారితో సమానులేనని తీర్మానించింది. ఆ నెల చివర రబ్బీల మండలి తన మార్గదర్శకాలను సవరించింది. సవరణ ఏమిటో గమనించాలి. విచారణ నియమం పోలేదు. ‘బెనె ఇజ్రాయెల్’ అనే పేరు మాత్రం తీసేసి, సందేహం ఉన్న ఎవరికైనా వర్తించేటట్టు రాశారు. సమాజానికి గౌరవం దక్కింది, రబ్బీలకు నియమం దక్కింది, సంకీర్ణ ప్రభుత్వం నిలిచింది. మంత్రిగా వర్హాఫ్తిగ్ స్థానం వీరందరి నడుమన. రబ్బీల స్వతంత్రాధికారాన్ని ఆయన పక్షం వదులుకోలేదు, మంత్రివర్గ సభ్యుడిగా క్నెసెట్ తీర్మానాన్ని ఆయన కాదనలేడు.

1940లో ఒక వాక్యం చెరిపితే మనుషులు బయటపడ్డారు. 1964లో ఒక పేరు చెరిపితే నియమం బయటపడింది. ఒకే పనిముట్టు ఇన్ని రకాలుగా పనిచేయడానికి కారణం పనిముట్టులో లేదు, అది ఎవరి చేతిలో ఉందన్న దానిలో ఉంది. కౌనస్‌లో పత్రాన్ని మోసుకొని తిరిగేవాడు దిక్కులేని శరణార్థి. జెరూసలేంలో పత్రాన్ని అడిగేది రాజ్యం.

ఇదే దశకంలో మరొక తీర్పు ఈ ప్రశ్నను తలకిందులు చేసింది. ఓస్వాల్డ్ రుఫైసెన్ యూదు తల్లిదండ్రులకు పుట్టి, 1942లో మీర్ పట్టణపు ఘెట్టో నుంచి అనేకులు తప్పించుకోవడానికి సాయపడి, తరువాత కాథలిక్ సన్యాసి అయ్యాడు. బ్రదర్ డేనియల్ పేరుతో ఆయన పునరాగమన చట్టం కింద పౌరసత్వం కోరాడు. హలాఖా ప్రకారం పుట్టుకతో వచ్చిన యూదత్వం మతం మారినా పోదు. అయినా 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు, లౌకిక చట్టంలో యూదుడంటే సామాన్యజనం యూదుడనుకునేవాడని చెప్పి, ఆయన కోరికను తిరస్కరించింది. ఈ విషయంలో లౌకిక న్యాయస్థానమే ధర్మశాస్త్రంకంటే కఠినంగా నిలిచింది. 1970 జనవరిలో షాలిత్ కేసులో అదే న్యాయస్థానం 5-4 మెజారిటీతో, యూదేతర తల్లికి పుట్టిన పిల్లలను జాతిరీత్యా యూదులుగా నమోదు చేయమంది. మతపక్షం ఒత్తిడితో మార్చిలో చట్టం మారింది. యూదు తల్లికి పుట్టినవారు, లేదా మతం పుచ్చుకున్నవారు, మరొక మతానికి చెందనివారు యూదులు. మతం పుచ్చుకోవడం ‘హలాఖా ప్రకారం’ జరగాలన్న రెండు మాటలను మాత్రం చట్టంలో చేర్చలేదు. ఆ రెండు మాటల కోసం తరువాతి దశాబ్దాలలో ఎన్ని సంకీర్ణాలు తగాదాపడ్డాయో లెక్కలేదు.

ఈ నిర్వచనం నీడ గుంటూరు జిల్లా దాకా పడింది. చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తమను ఎఫ్రాయీము గోత్రపు సంతతిగా చెప్పుకునే బెనె ఎఫ్రాయీం సమాజం ఉంది. మాదిగ నేపథ్యం ఉన్న ఈ కుటుంబాలు తెలుగు మాట్లాడే యూదులు. వారిపై యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ప్రచురించిన గ్రంథం కులం, మతం రెండింటి కోణం నుంచి వారి కథను పరిశీలించింది. ఈశాన్య భారతంలోని బ్నేయ్ మెనషే సమాజానికి 2005లో ప్రధాన రబ్బీ గుర్తింపు దొరికింది. గుంటూరు సమాజానికి అటువంటి గుర్తింపు రాలేదు. 1970 నాటి చట్టపాఠం ముందు నిలబడినప్పుడు వారు చూపగల వంశపత్రం ఏది? ఈ ప్రశ్నను తెలుగు పరిశోధకులు ఇంకా తీరికగా చేపట్టవలసి ఉంది.

6. పవిత్రస్థలాలు, 1967

1967 జూన్ 7న ఇజ్రాయెల్ సేనలు జెరూసలేం పాతనగరాన్ని పట్టుకున్నాయి. జూన్ 10 రాత్రి, పడమటి గోడ ముందు మైదానం చేయడానికి మొఘ్రబీ పేట ఇళ్లను కూలగొట్టి అక్కడివారిని వెళ్లగొట్టారు. జూన్ 27న క్నెసెట్ పవిత్రస్థలాల పరిరక్షణ చట్టం చేసింది. పవిత్రస్థలాన్ని అపవిత్రం చేసినవారికి ఏడేళ్లు, భక్తుల రాకపోకలకు అడ్డుపడినవారికి ఐదేళ్లు శిక్ష. అమలు బాధ్యత మతవ్యవహారాల మంత్రిది. అంటే యూదుల స్థలాలకే కాక ముస్లిం, క్రైస్తవ స్థలాలకు కూడా చట్టరీత్యా బాధ్యుడు వర్హాఫ్తిగ్. ఈ చట్టం ఏయే స్థలాలు పవిత్రమో చెప్పలేదు, జాబితా లేదు. 1981లో వచ్చిన నిబంధనలలోని జాబితాలో యూదుల స్థలాలు మాత్రమే కనిపిస్తాయి.

ఆలయపర్వతం విషయంలో ఆయన చెప్పినది విశిష్టమైనది. దావీదు రాజు యెబూసీయుడైన అరౌనా దగ్గర ఆ కళ్లాన్ని వెల ఇచ్చి కొన్నాడని సమూయేలు గ్రంథం చెబుతుంది. ఆ క్రయం వల్ల ఆ స్థలం యూదుల సొత్తేనని వర్హాఫ్తిగ్ వాదించాడు. న్యాయవాదికి సహజమైన వాదమే, దస్తావేజు ఎంత పాతదైనా దస్తావేజే. కానీ శుద్ధి లేని ఈ కాలంలో ఆ స్థలం మీద కాలుపెట్టడాన్ని హలాఖా నిషేధిస్తున్నది గనుక, ఆ హక్కును అనుభవించే ప్రశ్న మెస్సయ్యా దినాల దాకా తలెత్తదని కూడా ఆయనే చెప్పాడు. రక్షణమంత్రి మోషే దయాన్ పర్వతం నిర్వహణను ముస్లిం వక్ఫ్ చేతిలోనే ఉంచాడు. ప్రధాన రబ్బీలు యూదుల ప్రవేశాన్ని నిషేధిస్తూ ప్రకటన ఇచ్చారు. సైనిక రబ్బీ ష్లోమో గొరెన్ వంటివారు ఈ అన్వయంతో ఏకీభవించలేదు. హక్కు వదులుకోకుండా ఆచరణను వాయిదా వేసే ఈ ఏర్పాటు ఆ తరం మతనాయకుల నిగ్రహం మీద ఆధారపడింది. ఆ నిగ్రహాన్ని తరువాతి తరం తన పక్షంలోనే ప్రశ్నించింది. ‘మన సొత్తే’ అన్న మొదటి సగాన్ని వారు ఉంచుకున్నారు, ‘కానీ’తో మొదలయ్యే రెండవ సగాన్ని వదిలేశారు. కౌనస్ పద్ధతి ఈసారి ఆయన వాక్యం మీదనే అమలు జరిగింది.

7. ఉత్తరకాలం

1969లో సుగిహారా ఇజ్రాయెల్ వచ్చాడు. 29 ఏళ్ల కిందట కాన్సులేటులో వీసా అడిగిన శరణార్థి ఇప్పుడు మంత్రి హోదాలో ఆయనకు స్వాగతం చెప్పాడు. తన ప్రభుత్వం అనుమతించకపోయినా తన పూచీ మీద ఆ వీసాలు ఇచ్చానని సుగిహారా చెప్పినప్పుడే ఆ సంగతి తెలిసిందని వర్హాఫ్తిగ్ నమోదు చేశాడు. టోక్యో సమ్మతితోనే అవి జారీ అయ్యాయని అంతవరకు ఆయన నమ్మకం. సుగిహారాకు యాద్ వషేం గుర్తింపు 1984లో లభించింది.

మంత్రిపదవి వదిలాక వర్హాఫ్తిగ్ మరొక ఏడేళ్లు క్నెసెట్‌లో ఉన్నాడు. ఆ కాలంలోనే, 1980లో, న్యాయమూలాల చట్టం ఆంగ్ల న్యాయం మీద ఆధారపడే బ్రిటిష్ కాలపు నిబంధనను రద్దు చేసి, దాని స్థానంలో ఇజ్రాయెల్ వారసత్వపు స్వేచ్ఛ, న్యాయం, సమత, శాంతి సూత్రాలను పెట్టింది. హీబ్రూ న్యాయశాస్త్రాన్ని విశ్వవిద్యాలయంలో బోధించిన ఆయనకు ఇది పాత కోరిక. 1983లో ఇజ్రాయెల్ పురస్కారం వచ్చింది. 1988లో రెండు గ్రంథాలు వెలువడ్డాయి. యుద్ధకాలపు స్మృతుల ఆంగ్లరూపం ఒకటి, ఇజ్రాయెల్ రాజ్యాంగం గురించి హీబ్రూలో రాసిన పుస్తకం రెండవది. 1950లో రాజ్యాంగం వద్దన్న మనిషి దాని మీద గ్రంథం రాయడానికి 38 ఏళ్లు పట్టింది.

కౌనస్‌లో ఆ అరవాక్యం రాసిన జ్వార్టెన్‌డైక్ మాత్రం చాలాకాలం పేరు లేకుండా ఉండిపోయాడు. ఆయన సంతకంతో బతికి బయటపడినవారిలో ఎందరికో ఆయన ‘ఫిలిప్స్ రేడియో దొర’ మాత్రమే. 1976లో ఆయన మరణించాడు. యాద్ వషేం ఆయనను 1997లో గుర్తించింది. అప్పటికి వర్హాఫ్తిగ్‌కు 91 ఏళ్లు.